ముందే చెప్పిన సాక్ష్యం

మా సంఘంలో ఆదివారం పాటలు అయిపోయాక, వాక్యం మొదలయ్యే ముందు, సాక్ష్యాలకు పావుగంట ఇస్తారు. ఆ వారంలో ప్రభువు తమకు చేసిన మేలును ఎవరైనా లేచి చెప్పుకోవచ్చు. మైకు మగవాళ్ళ కుర్చీల మధ్య ఒక చుట్టు తిరిగి ఆడవాళ్ళ చాపల మీదికి వస్తుంది. పోయిన గొలుసు దొరికిందని ఒకరు, ఆవు సుఖంగా ఈనిందని ఒకరు, బిడ్డ జ్వరం తగ్గిందని ఒకరు చెబుతారు. ప్రతిదానికీ అందరం స్తోత్రం అంటాం. ఎవరెంత కష్టంలో ఉన్నా ఆ పావుగంట అందరి ముఖాలూ బాగుంటాయి.

మాకు ఇంకో అలవాటు కూడా ఉంది. అడిగింది ఇంకా చేతికి రాకముందే, వచ్చేసిందని నమ్మి, లేచి కృతజ్ఞత చెప్పేస్తాం. దాన్ని విశ్వాసపు సాక్ష్యం అంటాం. కూతురికి సంబంధం కుదరకముందే కుదిర్చినందుకు స్తోత్రం అన్నవాళ్ళున్నారు. బోరు వేయకముందే నీళ్ళు పడ్డాయన్నవాళ్ళున్నారు. కొందరికి పడ్డాయి కూడా. పడనివాళ్ళు మళ్ళీ లేచి ఆ సంగతి చెప్పరు, వాళ్ళను ఎవరూ అడగరు. నేను నా పీకల మీదికి తెచ్చుకున్నది ఈ అలవాటుతోనే.

నాకు ఫిట్స్ ఉన్నాయి. రెండో కాన్పు తర్వాత మొదలయ్యాయి. మేముండేది చంద్రగిరిలో. నేను ఇంట్లోనే కూర్చుని జాకెట్లు కుడతాను, మా ఆయన చంద్రగిరికీ తిరుపతికీ మధ్య షేర్ ఆటో తోలుతాడు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, మా అత్త. మొదటిసారి కుట్టు మిషను మీదే పడిపోయాను. తిరుపతిలో డాక్టరు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి మాత్ర రాసి, ఒక్క పూట కూడా మానకూడదని, పొయ్యి దగ్గర ఒంటరిగా ఉండకూడదని చెప్పాడు. మాత్రలతో పడిపోవడం తగ్గింది కానీ, ఒళ్ళు బరువెక్కింది, జుట్టు ఊడింది, మతిమరుపు వచ్చింది. ఒకావిడ పెళ్ళి జాకెట్టుకు రెండూ ఎడమ చేతులే కుట్టాను. ఆవిడ అది వేసుకుని అద్దంలో చూసుకుని నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

మా సంఘ కాపరి అయ్యగారు మంచివారు. మా ఇంటికి వచ్చి, నా తలమీద చెయ్యి పెట్టి, కన్నీళ్ళతో ప్రార్థన చేసేవారు. మూడు నెలలు ఒక్కసారి కూడా ఫిట్స్ రాకపోయేసరికి, “తగ్గించినందుకు ముందుగానే స్తోత్రం చెప్పమ్మా, మిగిలింది ఆయన చూసుకుంటాడు” అన్నారు. మాత్రలు మానమని ఆయన అనలేదు. ఆ ముక్క నేనే కలుపుకున్నాను. తప్పు ఆయన మీదికి నెట్టేయాలని నాకు చాలాసార్లు అనిపించింది, కానీ నెట్టడానికి వీలు లేదు.

ఆ ఆదివారం పొద్దున ఇంట్లో ఉన్న మాత్రలన్నీ వీధి కాలవలో పారేసి, ముసుగు సర్దుకుని ఆరాధనకు పోయాను. మైకు నా దగ్గరికి వచ్చినప్పుడు లేచి, “ప్రభువు నన్ను బాగుచేసినాడు. మాత్రలన్నీ కాలవలో పారేసినాను. ఇంక వాటి ముఖం చూడను” అన్నాను. చప్పట్లతో రేకుల కప్పు దద్దరిల్లింది. మా ఆయన మగవాళ్ళ వైపు కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. నా బతుకులో అంత సంతోషమైన రోజు మరొకటి లేదు. ఆ రోజుకు అది అబద్ధం కూడా కాదు.

ఇరవయ్యో రోజు మధ్యాహ్నం పెరట్లో బట్టలుతికే బండ దగ్గర ఉన్నాను. ఎక్కడో ఇనుము కాలుతున్న వాసన వచ్చింది. ఫిట్స్ వచ్చేముందు నాకు ఆ వాసనే వస్తుంది. కళ్ళు తెరిచేసరికి బండ పక్కన పడి ఉన్నాను, నోట్లో రక్తం, కొళాయి నీళ్ళు ఇంకా పోతున్నాయి. ఇంట్లో ఎవరూ లేరు. ముఖం కడుక్కుని, చీర మార్చుకుని, మోచేతికి దెబ్బేమిటని అడిగితే కాలు జారిందని చెప్పాను. వారం తిరగకముందే స్నానాల గదిలో మళ్ళీ వచ్చింది. చిన్నవాడు బయట తలుపు కొడుతూ “మా, మా” అని ఏడుస్తుంటే, నేలమీద పడి ఉన్న నేను ఆ అరుపు విని కూడా జవాబు చెప్పలేకపోయాను. ఆ రోజు నిజంగా భయపడ్డాను.

మర్నాడు లైనింగు గుడ్డ, హుక్కులు కొనాలని చెప్పి తిరుపతికి పోయి, మళ్ళీ మాత్రలు రాయించుకుని, బస్టాండు దగ్గర ఒక షాపులో కొన్నాను. చంద్రగిరిలో మందుల షాపతను మా సంఘంవాడే. అక్కడ కొంటే ఆదివారం వచ్చేలోపే అందరికీ తెలిసిపోతుంది.

వచ్చే ఆదివారం లేచి చెప్పేద్దామనుకున్నాను. ఒట్టుగా అనుకున్నాను. కానీ మైకు నా దాకా రాకముందే ముందు చాపలో ఒకావిడ లేచి, నా సాక్ష్యం విని తన తమ్ముడు తాగుడు మానేసి మొదటిసారి ఆరాధనకు వచ్చాడని చెప్పింది. ఆ తమ్ముడు తెల్ల చొక్కా వేసుకుని వెనక వరుసలో బుద్ధిగా కూర్చుని ఉన్నాడు. అతని ముఖం చూశాక, మైకు నా దాకా వస్తే పక్కావిడకు ఇచ్చేశాను. ఆ తర్వాతి వారం స్త్రీల కూడికలో నన్నే ముందు నిలబెట్టి సాక్ష్యం చెప్పించారు. చెప్పాను. అలా ఒక ఆదివారం గడిచింది, ఇంకోటి గడిచింది, నాలుగేళ్ళు గడిచాయి.

మాత్రలు మెంతుల డబ్బాలో దాచేదాన్ని. పిల్లలు చేదంటే ఆ డబ్బా జోలికి రారు. మా అత్తకు చూపు సరిగా ఆనదు, పైగా అది పై అరలో ఉంటుంది. అట్టను మెంతుల అడుగుకు తోసేస్తే ఎవరికీ కనపడదు. పొద్దున మాత్ర అందరూ లేవకముందు, సాయంత్రంది వంట హడావిడిలో మింగేదాన్ని. నాలుగేళ్ళలో నేను ఆ డబ్బా ఒక్కసారి కూడా నింపింది లేదు. మా ఇంట్లో మెంతులు అంత తక్కువ పడతాయి కాబోలు అనుకున్నాను. మాత్రలకు మాత్రం ఆ వాసన పట్టేసింది. ఇప్పటికీ ఎవరి ఇంట్లోనైనా మెంతులు వేగుతుంటే నాకు దొంగతనం చేసినట్టు గుండె దడదడలాడుతుంది.

నెలకోసారి మాత్రలకు తిరుపతి పోవాలి. ఆ రోడ్డు మీదే మా ఆయన ఆటో తిరుగుతుంటుంది. హుక్కులు కొనేదానికి ఇన్నిసార్లెందుకు పోతావని అడుగుతాడేమోనని, ఎదురుగా ఆటో కనపడితే చాలు, బస్సులో కింద ఏదో పడిపోయినట్టు వంగి వెతికేదాన్ని. ఒకసారి కండక్టరు జాలిపడి, “ఏం పోగొట్టుకుంటివమ్మా, నేనూ సూస్తా” అని తనూ వంగాడు. ఏం చెప్పను? “ఏమీ లేదన్నా” అంటే నమ్మలేదు పాపం, నా స్టాపు వచ్చేదాకా సీట్ల కింద చూస్తూనే ఉన్నాడు.

ఇంట్లో మా అత్త ఇంకో బాధ. సాక్ష్యం చెప్పకముందు నన్ను పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. చెప్పాక వంట నాకు వదిలింది కానీ, నేను వంటింట్లో ఉన్నంతసేపూ చేట పట్టుకుని గడప మీద కూర్చుని బియ్యంలో రాళ్ళేరేది. ఇప్పటి మిషను బియ్యంలో రాళ్ళెక్కడివి? నేను పెరట్లో బట్టలుతుకుతుంటే పీట ఈడ్చుకుని అక్కడికీ వచ్చేది. నా మీద నిఘా పెట్టిందని నాకు ఒళ్ళు మండిపోయేది. ఒకరోజు ఉండబట్టలేక, “ఏం అత్తా, ఆ బియ్యంలో ఏముండాయని దినామూ అట్ల ఏరతావు?” అని అడిగేశాను.

“నాకేం పని మే, కూసోని ఏరుకుంటా. నీ పని నువ్వు సూసుకో” అంది, తల ఎత్తకుండా.

బయట ఆటో, లోపల అత్త, ఆదివారం మైకు. నేను కదలడానికి జానెడు జాగా లేదు. ఎవరికి జబ్బు చేసినా నన్నే పిలిచేవాళ్ళు. నా చేతిలో వరం ఉందన్నారు. మంచం పక్కన నిలబడితే మాటలు వాటంతటవే తన్నుకొచ్చేవి, గొంతు వణికేది, చుట్టూ ఉన్నవాళ్ళు ఏడ్చేవాళ్ళు. నా లోపల మాత్రం ఖాళీ. పైకి అంత గట్టిగా ప్రార్థన చేస్తూ, లోపల ఇంటికిపోయి ఏ కూర చేయాలా అని ఆలోచించిన రోజులున్నాయి.

నిజమైన ప్రార్థన ఒకటి మిగిలిందంటే అది పొద్దున ఐదున్నరకు, వంటింట్లో, మాత్ర చేతిలో పట్టుకున్న అర నిమిషమే. అదీ మొదట్లో లేదు. మొదటి ఏడాది తల పైకెత్తకుండా గబుక్కున మింగేసేదాన్ని, దేవుడు పక్కగదిలో ఉన్నట్టు. రెండో ఏడాది ఎప్పుడో, “చూస్తానే ఉండావు గదా” అన్నాను. ఆయన చూస్తున్నాడని తెలిసినప్పుడు దాచి ఏం లాభం? అప్పటినుంచి మాట్లాడటం మొదలైంది. ఈరోజు ఆరు జాకెట్లు ఇవ్వాలి, పడిపోనీయకు. చిన్నవాడు లెక్కల్లో తప్పాడు, వాళ్ళ నాయన కొట్టకుండా చూడు. కొన్ని రోజులు తిట్టేదాన్ని కూడా. నువ్వు పూర్తిగా బాగుచేసి ఉంటే నాకు ఈ దొంగబతుకు ఎందుకు, అందరికీ చేస్తావు, నాకు చేయడానికి నీకేమొచ్చింది, అని. తిట్టాక భయమేసేది. కానీ ఏమీ అయ్యేది కాదు. పాలు పొంగేవి, పిల్లలు లేచేవాళ్ళు. సంఘంలో మహోన్నతుడా అని పిలిచేదాన్ని, వంటింట్లో ఇదో చూడు అని పిలిచేదాన్ని. రోజంతటిలో నేను అబద్ధమాడని అర నిమిషం అదొక్కటే కాబట్టి, దానికోసమే నిద్ర లేచినట్టుండేది.

ఒక్క సంగతి సిగ్గు విడిచి చెప్పాలి. బాగుచేయమని అడగడం నేను ఎప్పుడో మానేశాను. నేను ఎక్కువగా అడిగింది, ఎవరికీ దొరక్కుండా చూడమని. మా ఆయనకు తెలియనీయకు, అయ్యగారికి తెలియనీయకు, మా అత్తకు అసలే తెలియనీయకు. ఆయనతో మాట్లాడటం మొదలైనప్పటినుంచి ఆ ప్రార్థన ఒక్కరోజు కూడా తప్పలేదు.

పోయిన ఏడాది ఎండలు ముదిరే ముందు, పూతలపట్టు దగ్గరి పల్లె నుంచి ఒకామె కూతురితో మా వీధిలోకి అద్దెకు వచ్చింది. మొగుడు లేడు. మామిడి మండీలో కాయలు ఏరే పనికి పోయేది. కూతురికి పంతొమ్మిదేళ్ళు, డిగ్రీ చదువుతోంది. చిన్నప్పటినుంచీ ఫిట్స్. స్త్రీల కూడికలో నా సాక్ష్యం విని, కూడిక అయ్యాక ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది.

“నీకు చేసినోడు నా బిడ్డకు చేయడా అక్కా? దాని తలకాయ మింద చెయ్యి పెట్టక్కా” అంది.

పెట్టాను. ముసుగు కింద ఆ పిల్ల జుట్టు నా వేళ్ళకు తగిలింది. పలచగా, నా జుట్టులాగే. ఏ మాత్రలకు అలా ఊడుతుందో నాకు తెలుసు. అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని గొప్ప ప్రార్థన చేశాను.

తర్వాతి ఆదివారం ఆ తల్లి లేచి మైకు తీసుకుంది. “ప్రభువు నా బిడ్డను బాగుచేసినాడు. మాత్రలన్నీ కాలవలో పారేసినాను, ఈ అక్క మాదిరే. ఇంక వాటి ముఖం చూడము” అంది. అవి నా మాటలే. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆ సాయంత్రమే వాళ్ళింటికి పోయాను. మాత్రలు మాన్పించొద్దని చెప్పాను. “నువ్వే అట్లంటావేందక్కా?” అని ఆమె తెల్లబోయింది. ఇక దాచి లాభం లేదని, “నేనూ వేసుకుంటా ఉండాను. నాలుగేండ్ల నుంచీ” అన్నాను. ఆ మాట మొదటిసారి ఒక మనిషితో అన్నాను.

ఆమె నన్ను చూసి నవ్వేసింది. “నా విశ్వాసాన్ని పరీక్ష చేస్తా ఉండావు గదక్కా. నాకు తెల్సులే. దగ్గిరోళ్ళే వచ్చి ఎనక్కి లాగుతారని కూడికలో చెప్పినారు.”

“పరీక్ష కాదు, ఒట్టు.”

“నువ్వేసుకునేదానివయితే నీ చెయ్యి పెడితే అంతమందికి ఎట్ల బాగవుతుంది?” అంది. ఆ పిల్ల తలుపు దగ్గర నిలబడి మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. ఆ పిల్లకు నేను చెప్పేది నిజమని తెలుసనిపించింది. కానీ ఆ ఇంట్లో ఎవరూ ఆమెను అడగలేదు, నేనూ అడగలేదు.

అయ్యగారితో చెప్పిద్దామంటే ఆయన దూరాన తడ ఊళ్ళో కూడికలకు పోయి ఉన్నారు, ఫోను తీయలేదు. నిజం చెప్పినా నమ్మని చోటికి వచ్చి పడ్డాను. అంత బాగా అబద్ధం చెప్పాను మరి.

గురువారం మధ్యాహ్నం ఆ పిల్ల దోసెలు పోస్తూ పెనం మీద పడింది. ఎడమ చెయ్యి మణికట్టు నుంచి మోచేయి దాకా కాలింది. నేను పోయేసరికి కట్టు కట్టించుకుని వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. తల్లి ఏడుస్తూనే, ఇది సాతాను పోరాటం, ఇప్పుడే గట్టిగా నిలబడాలి అంటోంది. పిల్ల నన్ను చూసింది. కాలిన చేతిని చున్నీ కింద దాచుకుంది. తప్పు చేసింది తనే అన్నట్టు దాచుకుంది. అది నేను భరించలేకపోయాను. ఇంటికొచ్చి మిషను ముందు కూర్చున్నాను. సాయంత్రం దాకా ఒక్క కుట్టు పడలేదు. ఈసారి పెనం, వచ్చేసారి రోడ్డో, బావో. ఆ పిల్ల చస్తే చంపింది నేనే.

శుక్రవారం పొద్దున మాత్ర చేతిలో పెట్టుకుని, “దొరక్కుండా చూడమన్నాను గదా. ఇంక చాలు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను” అన్నాను.

ఆదివారం పొద్దున మాత్ర వేసుకోలేదు. అట్టను చేతిరుమాలులో చుట్టుకుని పోయాను. మైకు వచ్చింది. లేచి నిలబడ్డాను. నన్ను చూడగానే అలవాటు చొప్పున ముందు చాపలవాళ్ళు స్తోత్రం, స్తోత్రం అనడం మొదలుపెట్టారు.

“స్తోత్రం చెప్పొద్దండి, ముందు వినండి” అన్నాను. “నాకు బాగు కాలేదు. సాక్ష్యం చెప్పిన ఇరవై దినాలకు మళ్ళీ పడిపోయినాను. అప్పటినుంచి మాత్ర వేసుకుంటానే ఉండాను. మీ అందరికీ అబద్ధం చెప్పినాను. మొదటి దినం నమ్మే చెప్పినాను, తర్వాత భయపడి చెప్పినాను. నన్ను చూసి మాత్రలు మానినోళ్ళు ఎవరన్నా ఉంటే, మీకు దండం పెడతాను, మళ్ళీ వేసుకోండి.” అట్ట విప్పి మాత్ర తీసి అందరికీ కనపడేలా పట్టుకున్నాను. “ఇదో, ఈ పొద్దుది ఇంకా వేసుకోలేదు. మీ ముందర వేసుకుంటాను. కొంచెం నీళ్ళియ్యండి.”

ఒక్కరూ కదలలేదు. అంతలో వెనక చాప నుంచి ఒక చెయ్యి నీళ్ళ సీసా అందించింది, మూత తీసి మరీ. మా అత్త. నేను ఆమె ముఖం చూడలేక, మాత్ర మింగి, సీసా కింద పెట్టి కూర్చున్నాను. అయ్యగారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. “నా దగ్గిర కూడా చెప్పుకోలేకపోతివే తల్లీ, అది నా తప్పు” అన్నారు. అంతే. నేను కాలవలో కొట్టుకుపోతాననుకున్నాను, కానీ పాట ఎత్తుకున్నారు, అందరూ పాడారు.

ఆ పాట మధ్యలోనే ఆ తల్లి లేచి, కూతురి మంచి చేతిని పట్టుకుని ఈడ్చుకుంటూ బయటికి వెళ్ళిపోయింది. ఎవరికోసం పరువు పోగొట్టుకున్నానో వాళ్ళే వెళ్ళిపోయారు. అంతా చేసి, గోడకు చెప్పినట్టయింది. ఇంట్లో మా ఆయన ముద్ద దిగక, కంచంలో చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. చివరికి, “నాకు సెప్పుంటే నా ఆటోలోనే తీసకపోయుందును గదా మే” అన్నాడు. ఆ మాటకు ఏడ్చినంత నేను దేనికీ ఏడవలేదు.

సోమవారం పొద్దున ఆ తల్లి వచ్చింది, వెనక కూతురు. లోపలికి రమ్మంటే రాలేదు. వాకిట్లోనే నిలబడి అరిచింది. “నాలుగేండ్లు అబద్ధం చెప్పిన నోటితో ఇప్పుడు నిజమంటే యాడ నమ్మేది? అప్పటిది అబద్ధమా, ఇప్పటిది అబద్ధమా? నా మాదిరి దానితో ఆడుకుంటా ఉండావా నువ్వు?”

ఆమె అడిగింది న్యాయమే. నా మాటకు నా ఇంట్లోనే విలువ లేదు. తల వంచుకుని నిలబడ్డాను.

మా అత్త గడప మీద నుంచి లేచి లోపలికి పోయింది. పై అర అందక పీట వేసుకున్న చప్పుడు వినపడింది. మెంతుల డబ్బా తెచ్చి, ఆ తల్లి కళ్ళ ముందే చేటలో బోర్లించింది. మెంతులతోపాటు, నిన్న కూడా అలవాటుగా నేను దాచిన మాత్రల అట్ట పడింది.

“నేను సెప్తా, ఇను” అంది. “మొదటి ఏడే, మామిడికాయ ఊరగాయకని మెంతులకు చెయ్యి పెడితే ఈ అట్ట తగిలింది. అప్పటినుంచీ నాకు తెల్సు. పై అర నాకు అందదనుకునింది ఇది. ఇది మెంతులు వాడేదే గాని నింపేది కాదు. తగ్గితే అట్ట బయటపడతాదని నేను పోస్తా ఉంటి. యాడ పడిపోతాదో అని పొయ్యికాడ కూసుంటి, బండకాడ కూసుంటి. బియ్యంలో రాళ్ళుండి కాదమ్మా నేను ఏరింది.”

ఆ తల్లి గొంతు తగ్గింది. “అయితే దేవుడు ఇనలేదా అవ్వా?”

“ఇనకపోతే నాలుగేండ్లు దీన్ని నిప్పులో పడకుండా సూసిందెవరు? ఆయన సూసినాడు, మాత్ర సూసింది, నేను సూస్తి. నీ బిడ్డను సూసేదానికి ఎవరుండారో సూసుకో.”

అప్పుడు ఆ పిల్ల నోరు తెరిచింది. నేను ఆమె గొంతు వినడం అదే మొదటిసారి. “మా, నాకు మాత్ర కావాల” అంది. తల్లి అక్కడే వాకిట్లో కూలబడింది.

మర్నాడు మా ఆయన వేరే ఎవరినీ ఎక్కించుకోకుండా మమ్మల్ని ముగ్గురినీ ఆటోలో తిరుపతికి తీసుకుపోయాడు. డాక్టరు తల్లిని కేకలేసి, ఆ పిల్లకు మళ్ళీ మాత్రలు రాశాడు. దారిలో రెండు మూడు బస్సులు ఎదురొచ్చాయి. నాకు అలవాటుగా నడుం వంగబోయింది. సర్దుకుని నిటారుగా కూర్చున్నాను.

బుధవారం పొద్దున ఐదున్నరకు వంటింట్లో దీపం వేసి, అట్టను గట్టు మీదే పెట్టుకుని మాత్ర తీశాను. మా అత్త అప్పటికే గడప మీద ఉంది. చేట లేదు, ఊరికే కూర్చుంది.

“ఇన్నేండ్లు నేను మాత్ర వేసుకునేటప్పుడు కూడా ఈడనే ఉంటివా అత్తా?” అని అడిగాను.

“తలుపు ఎనక ఉంటి. నువ్వు ఏందో గొణుక్కుంటా ఉంటివి. నాకు ఇనపడేది కాదు.”

“మరి ఏం చేస్తా ఉంటివి?”

“ఏం సేసేది? దేవుని దగ్గిర ఏదో అడుక్కుంటా ఉండాదిలే అని, నువ్వు ఆపినాక ఆమేన్ అంటా ఉంటి.”

ఇన్నేళ్ళూ నేను ఆ వంటింట్లో గొణిగినవన్నీ గుర్తొచ్చాయి. ఆరు జాకెట్లు, చిన్నవాడి లెక్కలు, తిట్లు. ప్రభువా, మా అత్తకు మాత్రం తెలియనీయకు అని వేడుకున్న పొద్దుల్లో కూడా, తలుపు వెనక నుంచి ఆమె ఆమేన్ అంటూనే ఉంది.